కారణాంకాలు తెలిస్తే సంఖ్య తెలిసినట్టేనా?

గణితంలో డిగ్రీ చదువుతున్న నా మేనకోడలు మొన్న ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, నేను కాగితం మీద రాసుకుని చూస్తున్న 4,29,49,67,297 అనే సంఖ్యను తన ల్యాప్‌టాప్‌లో కొట్టి, దాని కారణాంకాలు అడిగింది. మీట మీది నుంచి వేలు తీసేలోపే తెర మీద 641, 67,00,417 అని రెండు సంఖ్యలు కనిపించాయి. "అయిపోయింది కదా మామయ్యా, ఇంక ఇందులో చూడటానికి ఏముంది?" అంది.

ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది. ఇదే మాటను ఇంకొంచెం గంభీరంగా చెప్పేవాళ్లను నేను చాలాకాలంగా వింటున్నాను. గణితమంటే అన్ని సంఖ్యలకూ వర్తించే సూత్రాలను వెతకడమనీ, ఏదో ఒక పెద్ద సంఖ్యను పట్టుకుని దాని గుణగణాలను ఏకరువు పెట్టుకోవడం కాలక్షేపమనీ, ఆ పనిని యంత్రం క్షణంలో చేసిపెడుతున్నాక ఆ కాలక్షేపానికి కూడా అర్థం లేకుండా పోయిందనీ వాళ్ల వాదన. దీనితో నేను ఏకీభవించను. తెలుగులో మనం కారణాంకం అంటాం. ఆ మాటలోనే కారణం ఉంది. అయినా కారణాంకం చేతికి వచ్చినంత మాత్రాన కారణం చేతికి రాదన్నది నా అభిప్రాయం. ఒక సంఖ్య గురించి మనకు తెలిసిన విషయాలు ఒకదానితో ఒకటి ముడిపడి, ఒకదాన్ని లాగితే మిగిలినవి కూడా కదిలినప్పుడే ఆ సంఖ్య మనకు తెలిసిందని నేను ఒప్పుకుంటాను. ఈ మాటకు నా దగ్గరున్న సాక్ష్యం ఆ సాయంత్రం కాగితం మీదున్న సంఖ్యే.

641 దగ్గరికి దారి

కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2¹, 2², 2⁴, 2⁸, 2¹⁶ లకు ఒక్కొక్కటి కలిపితే 3, 5, 17, 257, 65,537 వస్తాయి. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. ఘాతాన్ని ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా తన ఉత్తరాల్లో నమ్మకంగా రాశారు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నారు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఒక ఉత్తరం చివర ఈ సంగతిని తోటి గణితవేత్త ఆయిలర్ ముందు పెట్టారు. 1732లో ఆయిలర్ ఈ వరుసలోని ఆరో సంఖ్యను, అంటే 2³² + 1 ను, 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించారు. ఆ ఆరో సంఖ్యే మన 4,29,49,67,297.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నాకు అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. ఈ సంఖ్య వర్గమూలం 65,536 కంటే కాస్త ఎక్కువ; అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు 6,542. 641 వాటిలో 116వది. 2 నుంచి మొదలుపెట్టి గుడ్డిగా భాగించుకుంటూ వచ్చినా 116వ ప్రయత్నంలో అది దొరుకుతుంది, ఓపిక ఉంటే. కానీ ఆ ఓపిక అక్కర్లేదు.

ఒక ప్రధాన సంఖ్య 2³² + 1 ను భాగిస్తుందనుకుందాం. అప్పుడు ఆ ప్రధాన సంఖ్య లెక్కలో 2³²కు శేషం −1 (అంటే ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువ), దాని వర్గమైన 2⁶⁴కు శేషం 1. అంటే 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ, ప్రతిసారీ శేషాన్ని మాత్రమే ఉంచుకుంటూ పోతే, సరిగ్గా 64వ అడుగులో 1 దగ్గరికి చేరతాం, అంతకుముందు చేరలేం. ఇక ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే ఎంత వస్తుందో అన్ని అడుగులకు 1 దగ్గరికి చేరి తీరాలని ఫెర్మా చిన్న సిద్ధాంతం చెబుతుంది. ఈ రెండూ పొసగాలంటే, ఒకటి తగ్గించిన ఆ సంఖ్యను 64 భాగించక తప్పదు. కాబట్టి వెతకవలసినవి 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలు మాత్రమే. అవి వరుసగా 193, 257, 449, 577, 641. నూటపదహారు ప్రయత్నాలు అయిదుకు వచ్చాయి.

ఆ అయిదింటినీ మేనకోడలి నోటుపుస్తకంలో చేసి చూపించాను. పది అంకెల సంఖ్యను భాగించనవసరం లేదు. 2³² అంటే 2¹⁶ వర్గం. 2¹⁶ అంటే 65,536. కాబట్టి 65,536 శేషం కనుక్కుని, దాన్ని వర్గం చేసి, ఒకటి కలిపి, మళ్లీ శేషం చూస్తే చాలు. 193తో చేస్తే చివరి శేషం 109. 257తో 2. 449తో 325. 577తో 288. ఇక 641 వంతు. 641ని 102 సార్లు తీస్తే 65,382 పోయి 154 మిగులుతుంది. 154 వర్గం 23,716. ఒకటి కలిపితే 23,717. అది 641కి సరిగ్గా 37 రెట్లు. ఆ చివరి గుణకారాన్ని తను తన చేత్తోనే చేసింది, రెండోసారి కూడా సరిచూసుకుంది. నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఇది. దీని కోసం మూడు వరుసల కాగితం చాలు.

మధ్యలో 257కు 2 శేషం రావడం తన కంట పడింది. అది ఊరికే రాలేదు. మన సంఖ్యలోంచి 2 తీసేస్తే వచ్చే 4,29,49,67,295 సరిగ్గా 3, 5, 17, 257, 65,537 ల లబ్ధం. కాబట్టి ఆ అయిదింటిలో దేనితో భాగించినా మన సంఖ్యకు మిగిలే శేషం 2. ఆ అయిదూ దీనికి కారణాంకాలు కాలేవని భాగించకుండానే తెలిసిపోతుంది. 1878లో లూకా ఈ జల్లెడను ఇంకా సన్నం చేసి, 64 బదులు 128 పెట్టుకోవచ్చని చూపించారు. అప్పుడు 193, 449, 577 కూడా జారిపోతాయి. 257 ముందే పోయింది. పరీక్షించవలసిన మొట్టమొదటి సంఖ్యే 641 అవుతుంది.

రెండో కారణాంకమైన 67,00,417 ప్రధాన సంఖ్యేనా అన్న ప్రశ్న కూడా ఈ జల్లెడతోనే తీరుతుంది. దాన్ని భాగించగలిగిన ఏ ప్రధాన సంఖ్య అయినా మన సంఖ్యనూ భాగించాలి కాబట్టి 128 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి, వర్గమూలం దగ్గరి 2,588ని మించకూడదు. అలాంటివి 641, 769, 1153, 1409 మాత్రమే మిగులుతాయి. శేషాలు వరుసగా 44, 120, 334, 622. నాలుగు భాగహారాలతో డెబ్భై లక్షలకు దగ్గరగా ఉన్న ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అని తేలిపోయింది. యంత్రం చెప్పిన జవాబూ ఇదే. కానీ ఇప్పుడు ఈ జవాబు ఎవరి మాట మీదా ఆధారపడి లేదు.

ఫెర్మా ఎందుకు చూడలేదన్న ప్రశ్న నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. అదే 1640లో ఆయన ఇలాంటి జల్లెడతోనే 2³⁷ − 1 ను, అంటే 1,37,43,89,53,471 ని, 223 భాగిస్తుందని కనుక్కున్నారు. చిన్న సిద్ధాంతం ఆయనదే. కావలసిన పనిముట్లన్నీ ఆయన బల్ల మీదే ఉన్నాయి. అయితే దీన్ని ఆయన తప్పుగా చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. నిరూపణ లేదని ఒప్పుకుంటూనే ఒక మాటను నిలబెట్టి, తరువాతివాళ్లు పరీక్షించేలా వదిలిపెట్టడం గణితంలో గౌరవప్రదమైన పని. ఆ మాట లేకపోతే ఈ సంఖ్య వైపు కన్నెత్తి చూసేవాళ్లే ఉండేవారు కాదు.

ఒకటిగా మారిపోయిన సంఖ్య

యంత్రాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. కానీ ఒక అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం, ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు, ఇదే సంఖ్యకు కారణాంకాలు వెతికే చిన్న ప్రోగ్రాం రాశాను. 641తో సహా దేనితో భాగించినా శేషం 1 అని వచ్చింది. కారణాంకాలే లేవని ప్రోగ్రాం తేల్చేసింది. అంతకుముందు 154 లెక్కను కాగితం మీద చేసి ఉండటం వల్లనే ఆ జవాబు తప్పని నాకు తెలిసింది, లేకపోతే తెర మీది మాటే నమ్మేవాణ్ణి.

లోపం వెతికితే అది కూడా ఈ సంఖ్య స్వభావంలోనే దొరికింది. నేను వాడిన చరరాశికి 32 బిట్లే ఉన్నాయి. 32 బిట్లలో పట్టేవి సున్నా నుంచి మొదలుపెట్టి మొత్తం 2³² విలువలు. అది దాటగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మన సంఖ్య 2³² కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. కాబట్టి యంత్రం లోపలికి వెళ్లింది 4,29,49,67,297 కాదు, 1. ఆ ఒకటిని 641తో భాగించి శేషం ఒకటని యంత్రం నిజాయితీగానే చెప్పింది. ఇప్పటి యంత్రాలు, ప్రోగ్రాములు ఈ గడపను సులువుగా దాటేస్తాయి. అయినా ఎక్కడో ఒకచోట ప్రతి యంత్రానికీ ఒక గడప ఉంటుంది, జవాబు వెనకున్న కారణం తెలిసినవాడికే అక్కడ కాలు తడబడిన సంగతి తెలుస్తుంది.

దీనితో పాటు నాకు గుర్తొచ్చేది జెరా కోల్‌బర్న్. 1812లో లండన్‌లో లెక్కల ప్రదర్శనలిచ్చిన ఆ ఎనిమిదేళ్ల అమెరికా పిల్లవాడు, ఈ సంఖ్యను 641 భాగిస్తుందని కాగితం ముట్టకుండా చెప్పాడని అప్పటి కథనాలున్నాయి. జవాబు ఎలా తడుతోందో ఆ రోజుల్లో అతను వివరించలేకపోయేవాడని కూడా అవే చెబుతాయి. అతని శక్తి ముందు చేతులు జోడించవలసిందే. కానీ ఆయిలర్ చేసిన పనీ, ఆ పిల్లవాడు చేసిన పనీ ఒకటి కాదు. 641 అన్న జవాబు ఇద్దరిదీ ఒకటే. ఆయిలర్ దారిన వెళితే ఆ సంఖ్య పక్కనున్న సంఖ్యలకు కూడా దారి తెలుస్తుంది. పిల్లవాడి జవాబు ఆ ఒక్క ప్రశ్నతో ఆగిపోతుంది.

తెలిశాక పుట్టిన నిరూపణ

ఇప్పుడు నా వాదానికి ఎదురైన అసలైన చిక్కు చెబుతాను. 641 గురించి ఒక అందమైన నిరూపణ ఉంది. 641 అంటే 640 + 1; 641 అంటే 625 + 16 కూడా. అంటే 5 × 2⁷ + 1, 5⁴ + 2⁴. ఈ రెండు ముఖాలూ చాలు. 640 నాలుగో ఘాతం 1,67,77,21,60,000. దానికి 2³² కలిపితే 1,72,06,71,27,296 వస్తుంది. అది 625, 16 రెండింటినీ 2²⁸ పెట్టి గుణించి కలిపినట్టే కాబట్టి సరిగ్గా 641 × 2²⁸. అదే నాలుగో ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే 1,67,77,21,59,999 విలువ 641 × 639 × 4,09,601. ఈ రెండింటినీ 641 భాగిస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది 4,29,49,67,297. అంతే. పైగా రెండో కారణాంకం కూడా తనంతట తానే బయటపడుతుంది: 26,84,35,456 లోంచి 639 × 4,09,601 అయిన 26,17,35,039 తీసేస్తే మిగిలేది 67,00,417.

ఇది రాసి చూపించగానే ముచ్చటపడుతుందనుకున్నాను. తను కాసేపు చూసి, "ఇది 641 అని ముందే తెలిసినవాళ్లు రాసింది కదా మామయ్యా. తెలియనివాళ్లకు 640 నాలుగో ఘాతం ఎందుకు గుర్తొస్తుంది?" అంది. ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న. ఆయిలర్ ఈ దారిన రాలేదు. 641 దొరికాక ఎంతోకాలానికి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినవాళ్లు ఈ నిరూపణను అల్లారు. 641కి ఆ రెండు ముఖాలూ ఒకేసారి ఉండటానికి నేను చెప్పగలిగిన లోతైన హేతువు ఏదీ లేదు. అలాంటప్పుడు ఇది కారణమా, లేక భాగహారాన్నే కాస్త అలంకరించి చూపించడమా?

ఇంకొంచెం కఠినంగా కూడా అడగవచ్చు. ఈ పరిమాణంలో ఉన్న సంఖ్యల్లో సగటున ఇరవై రెండింటికి ఒకటే ప్రధాన సంఖ్య. మిగిలినవన్నీ సంయుక్త సంఖ్యలే. మన సంఖ్యకు చిన్న కారణాంకాలు ఉండే వీలు లేదు కాబట్టి దాని అవకాశం అంతకంటే మెరుగే, అయినా అది సంయుక్తం కావడంలో విడ్డూరం లేదు. పెద్దది కాబట్టి విరిగింది, అంతకు మించి ఏమీ లేదని ఎవరైనా అంటే ఏం చెప్పాలి?

ఆలోచించగా నాకు తోచింది ఇది. రెండు ప్రశ్నలను నేను కలిపేసుకున్నాను. 641ని ఎందుకు పరీక్షించాలి అన్నది ఒకటి. పరీక్షిస్తే అది ఎందుకు భాగించాలి అన్నది రెండోది. మొదటిదానికి సంపూర్ణమైన కారణం ఉంది, పైన చెప్పిన 64 అడుగుల చక్రమే అది. రెండోదానికి అంతటి కారణం లేదు. అది ఆ సంఖ్య సొంత సంగతి. ఎక్కడ వెతకాలో సిద్ధాంతం చెప్పింది, అక్కడ ఉందో లేదో లెక్క చేస్తేనే తెలిసింది. నా మొదటి అభిప్రాయాన్ని ఈ మేరకు సవరించుకున్నాను. ఒక సంఖ్యలో ప్రతిదానికీ కారణం ఉండనక్కర్లేదు, కానీ ఏది కారణం వల్ల వచ్చింది, ఏది కేవలం అలా జరిగింది అన్నది విడదీసి చెప్పగలగాలి. తెర మీద మెరిసిన రెండు సంఖ్యలు ఆ విడదీతను చెప్పవు.

అయితే 640 నిరూపణను పూర్తిగా వదులుకోవడానికీ నాకు మనసొప్పదు. తెలిశాక పుట్టిన నిరూపణ కూడా ఒక పని చేస్తుంది. పది అంకెల భాగహారంలో కన్ను పొరబడవచ్చు, కానీ 625కు 16 కలిపితే 641 అన్నదాంట్లో పొరబడటం కష్టం. నమ్మకం ఆనుకోవడానికి అంత చిన్న చోటు చాలు.

రెండు విధాల వర్గాలు

ఈ సంఖ్య గుణాల్లో నాకు అన్నిటికంటే ప్రియమైనది వర్గాలకు సంబంధించినది. 4తో భాగిస్తే 1 శేషంగా వచ్చే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయడానికి ఒకే ఒక్క విధానం ఉంటుంది. మన సంఖ్యకు ఒక విధానం పుట్టుకతోనే ఉంది: 65,536² + 1². అది ప్రధాన సంఖ్య అయితే ఇంకొకటి ఉండకూడదు. కానీ ఉంది. 62,264 వర్గం 3,87,68,05,696. 20,449 వర్గం 41,81,61,601. కలిపి చూడండి, 4,29,49,67,297. ఆయిలర్ ఈ రెండో విధానాన్ని కూడా గమనించారు. కారణాంకం పేరెత్తకుండానే ఈ సంఖ్య సంయుక్తమని తేలిపోయింది.

ఈ రెండో జత ఎక్కడిది? 641 అంటే 25² + 4². 67,00,417 అంటే 2,556² + 409². ఇలాంటి రెండు మొత్తాలను గుణిస్తే లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమే అవుతుందనీ, అది రెండు విధాలుగా అవుతుందనీ బ్రహ్మగుప్తుడి పేరు మీదున్న సర్వసమీకరణం చెబుతుంది. అడ్డంగా గుణించి చూస్తే 25 × 2,556 = 63,900; 4 × 409 = 1,636. వీటిని కలిపితే 65,536. తీసేస్తే 62,264. ఇంకో పక్క 25 × 409 = 10,225; 4 × 2,556 = 10,224. వీటిని కలిపితే 20,449. తీసేస్తే 1.

ఆ 10,225, 10,224 పక్కపక్క సంఖ్యలు కావడం, అదే సమయంలో 63,900, 1,636 కలిసి సరిగ్గా 2¹⁶ కావడం మొదటిసారి చూసినప్పుడు నేను పెన్ను కింద పెట్టేశాను. 2³² పక్కన నిలబడిన ఆ ఒక్క ఒకటి అలా పుట్టింది. 641కి 625, 16 అన్న ముఖం ఉందని పై నిరూపణలో చూశాం; ఇక్కడ పనిచేస్తున్నదీ ఆ ముఖమే, 25, 4 ల వర్గాలుగా. దీన్నే నేను ముడిపడటం అన్నాను. వెనక నుంచి కూడా రావచ్చు: ఆ రెండు వర్గాల జతలు మాత్రమే ఎవరైనా మన చేతిలో పెడితే, వాటి తేడాలు, మొత్తాల సామాన్య భాజకాలు తీసుకుంటూ పోయి 641 దగ్గరికి చేరుకోవచ్చు. మొదటి జతకూ రెండో జతకూ తేడాలు 3,272, 20,448. వాటి గరిష్ఠ సామాన్య భాజకం 8. మొత్తాలు 1,27,800, 20,450, వాటిది 50. ఎనిమిదిలో సగం 4, యాభైలో సగం 25. పదహారు, ఆరువందల ఇరవై అయిదు, 641.

అంకెలు చెప్పేవి

ఏ సంఖ్యనైనా అదేపనిగా చూస్తూ కూర్చుంటే ఏదో ఒక వింత కనిపిస్తుందనీ, అది చూసేవాడి కంటిలో ఉంటుందే తప్ప సంఖ్యలో ఉండదనీ ఒక అభ్యంతరం ఉంది. అందులో నిజం ఉంది. మన సంఖ్య అంకెల మొత్తం 59. అది ప్రధాన సంఖ్య. ఈ విషయానికి నేను పూచికపుల్ల విలువ కూడా ఇవ్వను, ఎందుకంటే మనం పదుల్లో లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాం కాబట్టి ఆ 59 వచ్చింది. వేరే స్థానవిలువల్లో రాస్తే అది మాయమవుతుంది. 25, 4 ల వర్గాలు మాత్రం ఏ పద్ధతిలో రాసినా చెక్కుచెదరవు.

అంకెలకు సంబంధించినవన్నీ పక్కన పెట్టేయవచ్చని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. అదీ తొందరపాటే. ఈ సంఖ్య 7తో ముగుస్తుంది. ఈ వరుసలో 17 మొదలుకుని ప్రతి సంఖ్యా 7తోనే ముగుస్తుంది, ఎందుకంటే 16 ఆరుతో ముగుస్తుంది, ఆరుతో ముగిసేదాన్ని వర్గం చేస్తే మళ్లీ ఆరే వస్తుంది, దానికి ఒకటి కలుపుతున్నాం. ఇది పదుల లెక్కలో కనిపించిన గుణమే, కానీ దీనికి కారణం ఉంది. కాబట్టి గీత అంకెలకూ గణితానికీ మధ్య లేదు. ఒక గుణం ఈ ఒక్క సంఖ్య దగ్గరే ఆగిపోతోందా, లేక దాని తరువాతి సంఖ్య గురించి కూడా ఏమైనా చెబుతోందా అన్నదే నేను చూసే గుర్తు.

కారణం ఉండీ కారణాంకం లేనప్పుడు

దీనికి సరిగ్గా తిరగబడిన పరిస్థితి కూడా ఉంది, నా మేనకోడలిని నిజంగా ఆలోచనలో పడేసింది అదే. ఫెర్మా సంఖ్యల వరుసలో 2ను 2¹⁴ సార్లు గుణించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య సంయుక్తమని 1961లో తేలింది. దాని ఒక కారణాంకం బయటపడింది 2010లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్లు అది సంయుక్తమని అందరికీ తెలుసు, ఏది భాగిస్తుందో ఎవరికీ తెలియదు. 2²⁰ సార్లు గుణించి ఒకటి కలిపిన సంఖ్యదీ అదే స్థితి. అది సంయుక్తమని రుజువైంది, కానీ దాని కారణాంకం ఒక్కటి కూడా ఇంతవరకూ దొరకలేదు.

ఇది ఎలా సాధ్యమంటే, 1877లో పెపాన్ ఇచ్చిన పరీక్ష వల్ల. సంఖ్యలోంచి ఒకటి తీసి సగం చేసి, 3ను అన్నిసార్లు గుణించి శేషం చూడాలి. శేషం −1 అయితే ప్రధాన సంఖ్య, కాకపోతే సంయుక్తం. మన సంఖ్యకైతే 31 సార్లు వర్గం చేసుకుంటూ పోతే సరిపోతుంది. 3 బదులు 2 పెట్టుకుంటే ఏమవుతుందని తను అడిగింది. మంచి ప్రశ్న. 2 ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే 2³² శేషం −1 అన్నది ఈ సంఖ్య నిర్వచనంలోనే ఉంది. అక్కడి నుంచి 64 అడుగుల చక్రం, ఆ చక్రం 2³² అడుగుల్లో సరిగ్గా ఇముడుతుంది. కాబట్టి 2తో చేసే పరీక్షలన్నిటిలోనూ ఈ సంఖ్య ప్రధాన సంఖ్యలాగే ప్రవర్తిస్తుంది. తన పుట్టుకకు మూలమైన 2ను అడిగితే అది తన లోపం చెప్పదు, 3ను అడగాలి. యంత్రాలకు ప్రధాన సంఖ్యలను పరీక్షించడం నేర్పేవాళ్లు ఒకే సంఖ్యతో పరీక్షించి ఊరుకోకపోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నేను చూడలేదు.

కారణాంకం తెలియడమే సంఖ్య తెలియడమని అనుకుంటే, ఆ యాభై ఏళ్లపాటు ఆ సంఖ్య గురించి మనకు ఏమీ తెలియదనే చెప్పాలి. అది సరికాదు. అది విరుగుతుందని తెలుసు, ఎందుకో తెలుసు, విరిగిన ముక్కలు ఏ రూపంలో ఉండాలో కూడా తెలుసు. ముక్కలే చేతిలో లేవు. మన సంఖ్య విషయంలో ముక్కలు తెర మీద కనిపించాయి, మిగిలినదంతా కనిపించలేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ తెలియడమో నేను తేల్చి చెప్పలేదు, తనూ ఒప్పుకున్నట్టు తల ఊపలేదు.

మరుసటి వారం నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. వరుసలో తరువాతిదైన 2⁶⁴ + 1, అంటే 1,84,46,74,40,73,70,95,51,617 ని, 1880లో లాండ్రీ విడదీశారు. దాని చిన్న కారణాంకం 2,74,177. ల్యాప్‌టాప్‌లో అది చూసి, అక్కడ ఆగకుండా, 641కి చేసినట్టే దీనికీ చేత్తో చేసుకుని వచ్చింది. ముందు 2,74,177 లోంచి ఒకటి తీసి, అది 256కు సరిగ్గా 1,071 రెట్లు అని సరిచూసుకుంది. తరువాత 2³²ను దానితో భాగించింది. శేషం 2,58,768, అది 2,74,177కి 15,409 తక్కువ. కాబట్టి 15,409ని వర్గం చేసి ఒకటి కలిపితే చాలు. 23,74,37,282. దాన్ని 2,74,177తో భాగిస్తే సరిగ్గా 866, శేషం లేదు. రెండు చోట్ల కొట్టివేతలున్నాయి, రెండుసార్లు మొదటి నుంచి చేసినట్టుంది.

ఎదుటి పేజీలో నా లెక్క ఉంది. అందులో 154 కింద, ఇందులో 15,409 మొదటి మూడు అంకెల కింద ఎర్ర సిరాతో గీతలు గీసింది. నేను అడగబోయేలోపే పేజీ అంచున తన చేతిరాత కనిపించింది: "పదుల్లో రాయడం వల్ల ఇలా కనిపిస్తోంది. తరువాతి సంఖ్యకు చూడాలి."